గీత గీయకముందే కలిసి కూర్చోండి: ఎండనీ, నీటినీ, మేస్త్రీనీ లెక్కలోకి తీసుకుని ఇల్లు కట్టుకునే పద్ధతి

పన్నెండేళ్ల కిందట హైదరాబాద్ శివారులో నేను గీసిన ఒక ఇంట్లో పడమటి వైపు పడగ్గది ఉంది. ఆరడుగుల కిటికీ, పెద్ద పెద్ద అద్దాలు, బయట ఖాళీ స్థలం. ఫొటోలో భలే ఉంటుంది. గృహప్రవేశం అయ్యాక వచ్చిన మొదటి మేలో చూడ్డానికి వెళ్తే, ఆ గదిలో ఉండాల్సిన మామ్మగారి మంచం హాల్లో సోఫా పక్కకి చేరింది. రాత్రి తొమ్మిదింటికి నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లి గోడ మీద చెయ్యి వేయమన్నారు. "పిండి రుబ్బి తెస్తే అట్లు పోసుకోవచ్చు బాబూ" అన్నారు.

ప్లాను గీసే ముందు నేను ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లబ్బాయితో మాట్లాడాను, ఆయన ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు చూశాను, వారంలో ప్లాను ఇచ్చేశాను. పర్యావరణానికి మంచిదని డాబా మీద సోలార్ పలకలు కూడా పెట్టించాను. పగలంతా అవి సంపాదించింది రాత్రికి ఆ గది ఏసీ తినేస్తోంది.

ఆ తర్వాత మా చిన్న ఆఫీసులో పని చేసే తీరు మార్చుకున్నాం. ఇంటికి వేడి తగ్గాలన్నా, వృథా తగ్గాలన్నా తేలాల్సిన విషయాల్లో ఎక్కువ భాగం, కొనే సామాన్ల దగ్గర కాదు, ప్లాను ఇంకా తెల్లకాగితంగా ఉన్నప్పుడు ఎవరెవరు కూర్చుని మాట్లాడారన్న దగ్గరే తేలిపోతుంది. మేం పాటించే వరస ఇది. సొంత స్థలంలో 150 నుంచి 300 గజాల ఇల్లు అనుకుని రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ సంగతి వేరు.

1. ముందు మనుషుల్ని పోగు చెయ్యండి

మన దగ్గర మామూలుగా జరిగేది రిలే పరుగు. ఇంటాయన ఆర్కిటెక్టుకి చెప్తాడు, ఆర్కిటెక్ట్ కాగితం ఇస్తాడు, కాగితం కాంట్రాక్టరుకి వెళ్తుంది, కాంట్రాక్టర్ మేస్త్రీకి చెప్తాడు. స్తంభాల లెక్క వేసే స్ట్రక్చరల్ ఇంజినీరు మధ్యలో ఎక్కడో సంతకం పెడతాడు. వీళ్లందరూ ఒకరినొకరు చూసుకునేది శంకుస్థాపన రోజు, ప్రసాదం దగ్గర.

దీన్ని తిరగేయండి. మొదటి మీటింగులోనే ఇంట్లో వంట చేసేవాళ్లు, పెద్దవాళ్లు, పదేళ్లు దాటిన పిల్లలు ఉండాలి. రెండోదానికి స్ట్రక్చరల్ ఇంజినీరు, మూడోదానికి మేస్త్రీ రావాలి. మేస్త్రీ ఎవరో అప్పటికి తేలకపోతే, ఆ ఊళ్లో ఇరవై ముప్పై ఇళ్లు కట్టిన ఎవరినైనా ఒక పూట కూలి ఇచ్చి పిలవండి. ఆ పూట ఆయన చెప్పేది మీకు ఇంకెక్కడా దొరకదు: ఏ ఇసుకలో మట్టి ఎక్కువుంది, ఏ బట్టీ ఇటుక సరిగ్గా కాలుతోంది, వానాకాలం ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి.

ఇదేం కొత్త మాట కాదు. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇలాగే పనిచేశారు. పాత కవర్ల వెనక బొమ్మలు గీసుకుంటూ, సైటు మీద మేస్త్రీల పక్కన నిలబడి, గోడ లేస్తుండగానే మార్పులు చేసేవారు. చెట్టు అడ్డొస్తే గోడనే వంచేవారు. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసోకి చెందిన ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరె, బెర్లిన్‌లో చదువుకుంటూనే చందాలు పోగుచేసి తన సొంతూరు గాండోలో బడి కట్టారు. 2001లో పూర్తయిన ఆ బడికి ఊరివాళ్లే రాళ్లు మోశారు, మట్టి ఇటుకలు పోశారు. రేకుల పైకప్పుని గది కప్పుకి ఆనించకుండా పైకి ఎత్తి, మధ్యలోంచి గాలి పోయేలా పెట్టారు. మన దగ్గర రేకుల షెడ్డులో మే నెల గడిపినవాళ్లకి ఆ ఖాళీ విలువేంటో విడిగా చెప్పక్కర్లేదు. 2022లో కెరెకి ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది.

ఆర్కిటెక్ట్‌ని ఎంచుకునేటప్పుడు రెండు పనులు చెయ్యండి. ఒకటి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉందో లేదో అడగండి. 1972 చట్టం ప్రకారం ఆ నమోదు లేనివాళ్లు ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. రెండు, ఆయన కట్టించి కనీసం మూడేళ్లయిన ఇంటికి ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఫొటోలు తీయకండి. వంటింట్లో నిలబడి ఆ ఇంటావిడతో పావుగంట మాట్లాడండి, చాలు. పాత ఇంటికి తీసుకెళ్లడానికి ఆర్కిటెక్ట్ మొహమాటపడుతున్నాడంటే మీరూ కాస్త ఆగండి.

2. గదుల లిస్టు కాదు, రోజు రాయండి

"త్రీ బీహెచ్‌కే, పూజగది, హోమ్ థియేటర్" అని లిస్టు తెస్తే మేం పక్కన పెట్టి ఒక నోటు పుస్తకం ఇస్తాం. వారం రోజులు ఇంట్లో ఎవరు ఎన్నింటికి ఎక్కడ ఉన్నారో రాయమంటాం. పొద్దున్న కాఫీ ఎక్కడ తాగుతారు? తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? వడియాలు పెట్టేది ఎక్కడ, ఆవకాయ ముక్కలు ఆరబెట్టేది ఎక్కడ? గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు ఏ దారిన లోపలికి తెస్తారు? అంట్లు తోమే అమ్మాయి ఎక్కడ కూర్చుని తోముతుంది, అక్కడ ఆమె నెత్తిన నీడ ఉందా?

ఈ పుస్తకం తిరగేస్తే ప్రతి ఇంట్లోనూ ఒక గది రాలిపోతుంది. సాధారణంగా అది గెస్ట్ రూమ్. ఏడాదికి పది రోజులు చుట్టాలొస్తారు, మిగతా రోజులు అందులో ఇస్త్రీ బట్టలు, విరిగిన ట్రెడ్‌మిల్లు. 120 చదరపు అడుగుల గదికి అడుగుకి 2,000 రూపాయలు వేసుకున్నా 2,40,000 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచితే ఆ గదికి పట్టే సిమెంటు, ఇనుము, ఇటుక మొత్తం మిగిలిపోతాయి. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటుదే. కట్టని గది కంటే పర్యావరణానికి మంచి గది ఇంతవరకు ఎవరూ కట్టలేదు.

మొన్నొకరింట్లో గెస్ట్ రూమ్ తీసేసి హాలుకి ఆనుకుని పెద్ద అరుగు వేశాం. చుట్టాలొస్తే మడత మంచాలు వేసుకుంటారు. మిగతా రోజులు పిల్లల హోంవర్కు అక్కడే. ఇంటాయన మొదట ఒప్పుకోలేదు. "మా బావమరిది ఏమనుకుంటాడో" అని ఒకటే టెన్షన్. తర్వాత ఆ బావమరిదే వచ్చి అరుగు మీద నిద్రపోయి వెళ్లాడు.

3. స్థలం దగ్గరికి మూడుసార్లు వెళ్లండి

పొద్దున్న ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, వాన పడుతుండగా ఒకసారి. మూడోది ఎవరూ చేయరు. వానలో గొడుగు వేసుకుని అరగంట నిలబడితే నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో కళ్లెదుటే కనిపిస్తుంది. ఇంటి మట్టం నేల నుంచి ఎంత ఎత్తు లేపాలి, ఇంకుడుగుంత ఎక్కడ తవ్వాలి అన్న ప్రశ్నలకి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక ఎండ. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలువుగా పెట్టిన కర్రకి నీడ పడదు. అంటే మన ఎండాకాలం ఎండలో పెద్ద వాటా పైకప్పు మీద పడుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం అదే సూర్యుడు దక్షిణం వైపు వాలి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

దీన్నుంచి సజ్జ లెక్క వస్తుంది. దక్షిణం కిటికీ 4 అడుగుల ఎత్తు ఉండి, దాని పైనే 2 అడుగుల సజ్జ వేస్తే, మార్చి, సెప్టెంబరు మధ్యాహ్నాల్లో కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబరులో పై భాగానికే నీడ పడి, కింద అడుగున్నర పైచిలుకు ఎండ లోపలికి వస్తుంది. చలికాలం మనకి కావాల్సింది కూడా అదే. కానీ పడమర వైపు ఇదే సజ్జ దండగ. మేలో సాయంత్రం ఐదింటికి సూర్యుడు 20 డిగ్రీల చిల్లర ఎత్తులో ఎదురుగా నిలబడి లోపలికి చూస్తుంటాడు. అప్పుడు 2 అడుగుల సజ్జ ఒక అడుగు నీడ కూడా ఇవ్వదు. మామ్మగారి గదికి నేను సజ్జ వేశాను. వేసి లాభం లేదు.

అందుకే పడమర వైపు మనుషులు తక్కువసేపు ఉండేవి పెట్టాలి. మెట్లు, బాత్రూములు, స్టోర్, గోడ పొడుగునా బట్టల అలమరలు. ఇక్కడే వాస్తుతో పేచీ వస్తుంది. నైరుతిలో యజమాని పడగ్గది ఉండాలంటారు. మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ దెబ్బ తినేది సరిగ్గా ఆ మూలే. నేను వాస్తుతో గొడవ పెట్టుకోను. నమ్మకం వాళ్లది, ఇల్లు వాళ్లది. మెట్లకి పడమర, దక్షిణం చాలామంది వాస్తు పండితులకి అభ్యంతరం ఉండదు కాబట్టి, గది నైరుతిలోనే ఉంచి దానికీ పడమటి గోడకీ మధ్య మెట్లో, అలమరల వరసో దూరుస్తాను. పండితుడు సంతోషం, గది చల్లన.

మట్టి పరీక్ష తప్పించుకోకండి. ముఖ్యంగా నల్లరేగడి అయితే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైన ఎంత మంచి గోడ కట్టినా పగుళ్లు తెస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ అనే పునాది స్తంభాలు రూపొందించారు. మీ స్థలానికి అవి కావాలో అక్కర్లేదో ఇంజినీరు పరీక్ష చూసి చెప్తాడు, పక్కింటాయన చెప్పడు.

ఇంకో మాట. మీ ఊళ్లో ఎనభై, వందేళ్ల ఇల్లు ఏదైనా మిగిలుంటే వెళ్లి కాసేపు కూర్చోండి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో వేడిగాలి పైకి పోవడానికి నడుమ ఆకాశమే దారి. రాయలసీమ మట్టి మిద్దెలో మందపాటి కప్పు పగటి వేడిని గదిలోకి త్వరగా దిగనివ్వదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు తుపాను గాలికి మూలలు చూపించదు. ఇవి అచ్చం అలాగే కట్టమని కాదు. మీ అవసరానికి వాటిలోంచి ఏది పనికొస్తుందో చూసుకోండి. సిటీలో 200 గజాల స్థలంలో మండువా పెడతానంటే నేనే వద్దంటాను. కానీ మెట్ల మీద గాలి పోయే గవాక్షాలు పెడితే మండువా చేసే పనిలో సగం అవి చేస్తాయి.

4. ముగ్గు పోసి ఇంట్లో నడవండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. ప్లాను తేలాక, పునాది తవ్వకముందు, ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ సైటుకి రావాలి. ఒక బస్తా ముగ్గు, ఒక టేపు, నాలుగు కుర్చీలు, ఒక మడత మంచం. అసలు కొలతలతో గోడలన్నీ నేల మీద ముగ్గుతో గీయండి. తలుపులున్న చోట గీత ఆపండి.

ఇప్పుడు కాపురం చెయ్యండి. ముందు గుమ్మంలోంచి చెప్పులు విప్పి రండి. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే ఫ్రిజ్ తలుపు తగులుతుందా? మంచం వేసి చూడండి, అలమర తలుపు తెరిస్తే మంచానికి కొట్టుకుంటుందా? బాత్రూములో నుంచి వస్తే హాల్లో కూర్చున్నవాళ్లకి ఎదురుపడతారా? స్కూటరు నిలబెట్టి పక్కనుంచి సిలిండరు దొర్లించండి.

గుంటూరు దగ్గర ఒక సైటులో ఇలాగే నడుస్తుంటే, వాకర్ పట్టుకుని నడిచే తాతగారు బాత్రూమ్ గీత దగ్గర ఆగిపోయారు. తలుపు రెండున్నర అడుగులు వేశాం. వాకర్ పట్టదు. ఆయన ఏమీ అనలేదు, వాకర్ పక్కకి తిప్పి దూరడానికి ప్రయత్నించారు, అంతే. కోడలు గబగబా కాలితో ముగ్గు చెరిపేసి, "ఇంకో అరడుగు" అంది. మూడడుగుల తలుపు అయింది, గుమ్మం కింది గడప తీసేశాం. కాగితం మీద ఆ తలుపుని నేను, ఇంజినీరు, ఇంటాయన కనీసం ఇరవైసార్లు చూసుంటాం.

5. సామాను దగ్గర్లోంచి తెచ్చుకోండి, కానీ మొండితనం వద్దు

మా లెక్క సులభం. ముందు లారీ ఒక్క పూటలో వెళ్లి తేగలిగే దూరంలో ఏముందో చూస్తాం, దొరకనివాటికే దూరం వెళ్తాం. నేలకి తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప బండ మన దగ్గరే దొరుకుతుండగా ఎక్కడెక్కడి నుంచో మెరిసే పలకలు తెప్పించాల్సిన పని లేదు. బండ మీద నూనె మరక పడుతుంది, నిజమే. మరక ఇంకకుండా పైన పూసే సీలర్ వేయించుకోండి, లేదా మరకతో సర్దుకోండి. రామగుండం, ఇబ్రహీంపట్నం, పరవాడల్లో థర్మల్ కేంద్రాలున్నాయి కాబట్టి ఆ చుట్టుపక్కలవాళ్లకి బూడిద ఇటుక సులువు. బావి దగ్గరి మట్టి, తోటలోని పైమట్టి తవ్వి కాల్చే ఎర్ర ఇటుక కంటే అది మేలు.

గోడకి నేను ఎక్కువగా వాడేది ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. గోడ 9 అంగుళాలే, కానీ మధ్యలో ఖాళీ వస్తుంది. పైనుంచి చూస్తే ఎలుకబోనులా గళ్లు కనిపిస్తాయి, పేరు అలా వచ్చింది. మామూలు 9 అంగుళాల గోడతో పోలిస్తే ఇటుకలో సుమారు నాలుగో వంతు మిగులుతుంది, సిమెంటు మాలు కూడా తగ్గుతుంది. మధ్యలో గాలి ఉండటం వల్ల వేడి లోపలికి త్వరగా రాదు. మన దేశంలో దీన్ని ఎక్కువగా వాడి చూపించింది బేకరే.

ఇందులో జాగ్రత్తలున్నాయి. పునాది మీది మొదటి వరస, కిటికీ కింద, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం) కింద వరసలు గట్టిగా, ఖాళీ లేకుండా కట్టాలి. కరెంటు పైపులు ముందే ఆలోచించి ఖాళీల్లోంచి పోనివ్వాలి, తర్వాత గోడ చెక్కితే ఇటుక పలచగా ఉండి పగులుతుంది. ఏసీ, గీజర్, పెద్ద టీవీ తగిలించే చోట్లు ముందే చెప్పి అక్కడ గట్టి గోడ కట్టించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మేస్త్రీ ఒప్పుకోవాలి.

మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు మా మేస్త్రీ, "బోలు గోడ సార్, దున్నపోతు రుద్దుకుంటే పడిపోద్ది" అన్నాడు. వాదించలేదు. సైటు మూలన నాలుగడుగుల పొడుగు, మూడడుగుల ఎత్తు నమూనా గోడ కట్టమన్నాను. రెండు రోజులు తీసుకున్నాడు, మొదటి రోజు కట్టింది తనే విప్పేశాడు. వారం తడిపాక, ఎవరూ చూడట్లేదనుకుని గోడని ఒక తన్ను తన్నాడు. కాలు నొప్పెట్టింది. ఆ తర్వాత ఆ సైటుకి ఎవరొచ్చినా ముందు ఆ గోడే చూపించేవాడు. కొత్త పద్ధతి ఏది పెట్టినా నమూనా గోడకి రెండు రోజుల కూలి బడ్జెట్‌లో రాసుకోండి. డ్రాయింగ్ చూపించి ఒప్పించడం మాత్రం జరగని పని.

శ్లాబులో సిమెంటు తగ్గించడానికి ఫిల్లర్ శ్లాబు ఉంది. శ్లాబు కింది భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుమే, అక్కడున్న కాంక్రీటు పెద్దగా సాయం చేయదు. కాబట్టి ఇనుప గళ్ల మధ్య రెండేసి మంగుళూరు పెంకులు జతచేసి పెడితే ఆ మేరకు కాంక్రీటు మిగులుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది, కింద నుంచి చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ దీనికి ఇంజినీరు లెక్క తప్పనిసరి. యూట్యూబ్ చూసి మేస్త్రీ చేత వేయించకండి.

ఇక మొండితనం గురించి. మట్టి ఇల్లు, సున్నం గచ్చు అంటే నాకూ ప్రాణం. అయిదు శాతం సిమెంటు కలిపి మిషన్‌తో నొక్కిన మట్టి ఇటుకల మీద పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఎంతో పని చేసింది. కానీ అన్ని మట్టులూ పనికిరావు. సున్నం పనిలో చెయ్యి తిరిగినవాళ్లు మీ ఊళ్లో లేకపోతే, ఎక్కడినుంచో రప్పించి కట్టించిన గోడకి రేపు మరమ్మతు ఎవరు చేస్తారు? అక్కడి మేస్త్రీ బాగుచేయగలిగిందే అక్కడ కట్టాలని నా పట్టుదల. పాత ఇళ్లు కూల్చేచోట టేకు తలుపులు, కిటికీలు, దూలాలు తెచ్చుకోవడం మాత్రం అందరికీ చెప్తాను. ప్లాను తేలకముందే కొనాలి, లేకపోతే కొలతలు కుదరవు.

6. గాలికీ నీళ్లకీ లెక్క ఉంది

కిటికీ ఎంత ఉండాలని అడిగితే "పెద్దది" అంటారు. ఎంత తెరుచుకుంటుందన్నది అసలు ప్రశ్న. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల్లో ఇంటి లోపలి వైశాల్యంలో తెరుచుకునే కిటికీలు, తలుపులు కనీసం ఎంత ఉండాలో చెప్పారు. హైదరాబాద్‌లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, విజయవాడ, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లకి 16.66 శాతం. చిన్న ఇళ్లకి ఆ నిబంధన వర్తించకపోయినా కొలతగా పనికొస్తుంది. లెక్క వేసేటప్పుడు ఒక మోసం చూసుకోండి. స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న స్లైడింగ్ కిటికీలో 16 చదరపు అడుగులకి డబ్బు కట్టి 8 అడుగుల గాలి కొనుక్కుంటున్నారు. రెక్కలు తెరిచే కిటికీ వేయించుకోండి, దోమల జాలీ లోపలి వైపు పెట్టించుకోండి. గాలి ఒక వైపు నుంచి వస్తే ఇంకో వైపు పోయే దారి ఉండాలి. లేకపోతే ఎంత పెద్ద కిటికీ అయినా అలంకారమే.

పైకప్పుకి తెల్లటి పెచ్చుల మొజాయిక్ గానీ, ఎండని తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయించండి. తెలంగాణ 2023లో దీనికోసం విడిగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పెయింట్ అయితే దుమ్ము పట్టి తెలుపు పోతుంది, ఏటా ఫిబ్రవరిలో కడగాలి. ఈ కడగడం సంగతి ఎవరూ చెప్పరు.

నీళ్లకి గుణకారం చాలు. 100 చదరపు మీటర్ల డాబా, ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 80,000 లీటర్లు మీ నెత్తిన పడుతున్నాయి. అందులో అయిదో వంతు పోయినా 64,000 లీటర్లు. మొదటి వాన బయటికి వదిలేసే గొట్టం ఒకటి, వడపోత, తర్వాత సంపు, సంపు నిండితే ఇంకుడుగుంత. ఈ వరస తప్పితే వాన నీళ్లకంటే ముందు కాకి రెట్టలు సంపులోకి వస్తాయి. స్నానాల నీళ్లని అరటి, మెట్టతామర మొక్కల మడిలోకి పంపండి. వంటింటి సింకు నీళ్లని వాటితో కలపకండి, జిడ్డుకి మడి మూసుకుపోతుంది.

7. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో రాసుకోండి

కలిసి పనిచేయడం అంటే అందరూ అన్నిట్లో వేలు పెట్టడం కాదు. మా సైటు గదిలో ఒక లాంగ్‌బుక్ వేలాడుతుంటుంది. ఇల్లు ఎలా వాడతారన్నది కుటుంబం మాట. స్తంభం, దూలం, ఇనుము ఇంజినీరు మాట. ఎండ, గాలి, కొలత మాది. ఏ పని ఏ వరసలో చేయాలన్నది మేస్త్రీది. ఎవరు ఏ మార్పు అడిగినా తేదీ వేసి అందులో రాయాలి, పక్కన ఖర్చు రాయాలి, సంబంధం ఉన్నవాళ్లు సంతకం పెట్టాలి. "అదేదో ఫోన్‌లో చెప్పాను కదా" అన్న మాటకి ఈ పుస్తకం ఒక్కటే మందు. శనివారం సాయంత్రం అందరం టీ తాగుతూ అది చదువుతాం.

ప్రతి పనికీ పరిమాణం, రేటు విడివిడిగా రాసిన లెక్క లేకుండా కాంట్రాక్టు కుదుర్చుకోకండి. చదరపు అడుగుకి ఇంత అని గుత్తగా మాట్లాడుకుంటే, మీరు ఆదా చేసిన ఇటుక కాంట్రాక్టర్ జేబులోకి వెళ్తుంది. విడిగా లెక్క ఉంటేనే ర్యాట్ ట్రాప్ గోడ మిగుల్చుకున్నది మీకు దక్కుతుంది.

కూలీలకి తాగే నీళ్లు, నీడ, మరుగుదొడ్డి మొదటి రోజే ఏర్పాటు చెయ్యండి. పునాది తవ్వకముందు మేం కట్టించేది ఆ మరుగుదొడ్డే. ఆడవాళ్లు పనిచేసే సైటులో అది లేకపోవడం ఎంత ఘోరమో ఒకసారి వాళ్లని అడిగితే చెప్తారు. పర్యావరణం గురించి గొప్పలు చెప్పుకునే ఇంటికి ఇది ముందు చెయ్యాల్సిన పని.

8. శ్లాబు రోజు, ఆ తర్వాత

శ్లాబు ముందు రోజు ఇంజినీరు ఇనుము చూసి లాంగ్‌బుక్‌లో సంతకం పెట్టాకే కాంక్రీటు కలిపే మిల్లర్ రావాలి. కరెంటు పైపులు, ఫ్యాన్ హుక్కులు ఫొటోలు తీసి పెట్టుకోండి. కాంక్రీటుని మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకి లేదా ఎండలు మండుతుంటే 10 రోజులు ఆరకుండా తడి ఉంచాలి. శ్లాబు మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపండి. గోడలకి గోనె పట్టాలు చుడితే నీళ్లు తక్కువ పడతాయి.

9. మళ్లీ రండి

మా ఒప్పందంలో ఒక వాక్యం ఉంటుంది: గృహప్రవేశం తర్వాత వచ్చే మొదటి మేలో ఒకసారి, మొదటి పెద్ద వానకి ఒకసారి మేం ఇంటికి వస్తాం. దీనికి విడిగా ఫీజు లేదు. రెండు వందల రూపాయల థర్మామీటరు పట్టుకుని గది గదికీ తిరుగుతాం, పైకప్పు కింద, పడమటి గోడ దగ్గర, రాత్రి పదింటికి. ఏ కిటికీ ఎప్పుడూ తెరవట్లేదో అడుగుతాం. తెరవకపోవడానికి ఎప్పుడూ ఏదో చిన్న కారణమే ఉంటుంది. పక్కింటి వంటింటి వాసన, తుప్పు పట్టిన గడియ, కిటికీకి అడ్డంగా పెట్టిన టీవీ. అక్కడికక్కడే సరిచేసేవి చేస్తాం, చేయలేనివి తర్వాతి ఇంటి కోసం రాసుకుంటాం.

మామ్మగారి గదికి కూడా అలా తిరిగి వెళ్లాం, కాస్త ఆలస్యంగానే. పడమటి కిటికీని సగం మూసేశాం, గోడకి ఒకటిన్నర అడుగుల దూరంలో ఇనుప జాలీ నిలబెట్టి రాధామనోహరం తీగ పాకించాం. రెండేళ్లకి అది గోడ మొత్తం కమ్మేసింది. మంచం మళ్లీ గదిలోకి చేరింది. పోయినసారి వెళ్తే ఆవిడ గుమ్మంలోనే ఆపి, "పూలు బాగున్నాయి బాబూ, కానీ తీగ పట్టుకుని పాములొస్తే ఎవరిది పూచీ?" అని అడిగారు. నేల నుంచి రెండడుగుల దాకా తీగ కత్తిరించి, కింద ఖాళీ కనిపించేలా చేసి వచ్చాం.